మా గుమ్మానికి మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది: విశాఖలో నేల కుంగుతోందా?

గెడ్డపక్కఇల్లు
ఆగస్టు 10, రాత్రి 9.42

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా ఇల్లు పోర్టు వైపు పల్లంలో ఉంది, గెడ్డకు (వాన నీళ్లు పారే వాగుకు) నాలుగిళ్ల ఇవతల. 1986లో తాతగారు కట్టించారు. అప్పుడు వీధిలోంచి గుమ్మం ఎక్కాలంటే మూడు మెట్లు ఎక్కాలట. 2009లో తీసిన నా పెళ్లి ఫోటోల్లో రెండు మెట్లు కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఒక్కటే ఉంది. గంట సేపు గట్టి వాన పడితే నీళ్లు హాల్లోకి వచ్చేస్తున్నాయి. వెనక గదిలో కిటికీ మూల నుంచి శ్లాబు దాకా ఏటవాలుగా ఒక పగులు కూడా వచ్చింది.

ఈ శతాబ్దం చివరికి విశాఖ దగ్గర సముద్రం 1.77 అడుగులు పెరగొచ్చని 2021లో పేపర్లలో వచ్చింది గుర్తుందా? ఇప్పుడు దాన్నే నేల కుంగుతున్న జకార్తా నగరం వీడియోలతో కలిపి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అవి చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. నాన్నగారికి 71 ఏళ్లు, ఇల్లు అమ్ముదామంటే ఆ మాటే ఎత్తనివ్వరు. మా నేల నిజంగా కుంగుతోందా, లేక సముద్రమే పైకి వస్తోందా? ఇది మాలాంటి మామూలు వాళ్లు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?


మధురవాడమిట్ట
ఆగస్టు 10, రాత్రి 10.15

భయపడకండి అన్నా. విశాఖ రాతి మీద ఉన్న ఊరు. తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగే చోటు మనది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండ అంతా ఖోండలైట్ రాయి. జకార్తా, కోల్‌కతా ఒండ్రు మీద కట్టిన ఊళ్లు, వాటితో మనకు పోలిక లేదు. ఇలాంటి పోస్టుల వల్ల జనం అనవసరంగా ఇళ్లు అమ్ముకుంటారు.


మట్టిపరీక్షమాస్టారు
ఆగస్టు 11, ఉదయం 6.20

మధురవాడ తమ్ముడు చెప్పింది సగం నిజం. ఆ మిగతా సగం మీదే గెడ్డపక్క బాబు ఇల్లు ఉంది.

ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో పునాదుల కోసం బోర్లు వేయించి మట్టి చూసినవాణ్ణి. కొండవాలులో ఆరడుగులు తవ్వితే రాయి తగిలే చోట్లు ఉన్నాయి. కానీ పోర్టు ఉన్న చోటు ఒకప్పుడు ఏమిటి? ఉప్పుటేరు. పోటు వస్తే మునిగి, పాటుకు తేలే బురద నేల. మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసేది అక్కడే. ఆ బురదను తవ్వి లోపలి హార్బరు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. ఆ తవ్విన మట్టితో చుట్టూ పల్లాలు మెరక చేశారు. ఆ మెరక కింద సముద్రపు బంకమట్టి పొర ఇప్పటికీ అలాగే ఉంది. చేత్తో పట్టుకుంటే వెన్నలా జారుతుంది. దాని మీద బరువు పెడితే అందులోని నీరు నెమ్మదిగా, ఏళ్ల తరబడి బయటికి పోతూ ఉంటుంది, పైన ఉన్నది దిగుతూ ఉంటుంది. పోర్టులో ఏ పెద్ద కట్టడానికైనా పైల్స్ (లోతుగా దిగే స్తంభాలు) దింపేదీ, లేదా ముందే మట్టి గుట్టలు పోసి నేలను నొక్కి పెట్టేదీ అందుకే. ఇళ్లకు అంత ఖర్చు ఎవరూ పెట్టరు కదా.

కాబట్టి "విశాఖ కుంగుతోందా" అని అడిగితే జవాబు రాదు. ఒకే ఊళ్లో ఒక వీధి కొండ మీదా, పక్క వీధి బురద మీదా ఉన్నాయి. "నా వీధి దేని మీద ఉంది" అని అడగాలి.

బాబూ, నువ్వు చెప్పిన దాంట్లో ఒక మాట నాకు పట్టుకుంది. మెట్లు పోయాయన్నావు. ఈ 39 ఏళ్లలో మీ వీధిలో రోడ్డు ఎన్నిసార్లు వేశారు? పాత తారు చెక్కి వేశారా, దాని మీదే వేశారా? ముందు అది చెప్పు. ఇల్లు కుంగిందో రోడ్డు పెరిగిందో తేలకుండా ఇంకేమీ అనలేం.


గెడ్డపక్కఇల్లు
ఆగస్టు 11, ఉదయం 8.05

మాస్టారూ, ఇది నాకు అసలు తట్టలేదు. అమ్మను అడిగాను. రెండుసార్లు తారు, ఒకసారి సిమెంటు రోడ్డు వేశారట. పాతది చెక్కడం ఎప్పుడూ చూడలేదంటోంది.


సరంగు
ఆగస్టు 11, మధ్యాహ్నం 1.30

నేను 22 ఏళ్లు ఓడల మీద తిరిగాను. జకార్తా వీడియోల సంగతి వచ్చింది గనుక చూసింది రాస్తాను.

తాంజుంగ్ ప్రియోక్ రేవులో దిగినప్పుడు ముఆరా బారు వైపు వెళ్లాను. సముద్రానికీ ఇళ్లకూ మధ్య ఒక కాంక్రీటు గోడ. గోడకు అవతల నీటిమట్టం, ఇవతల వీధి కంటే ఎత్తుగా ఉంది. వలాదునా అనే మసీదు గోడకు అవతల నీళ్లలో మునిగి, వదిలేసి ఉంది. అక్కడ నిలబడినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

అక్కడ జరిగింది సముద్రం పెరగడం ఒక్కటే కాదు. ప్రపంచమంతటా సముద్రం ఇప్పుడు ఏడాదికి 4 మి.మీ. దగ్గరగా పెరుగుతోంది. ఉత్తర జకార్తాలో కొన్ని చోట్ల నేల ఏడాదికి 10, 20 సెం.మీ. దాకా దిగింది. అంటే సముద్రం ఒక అడుగు పైకి వేస్తే నేల పాతిక అడుగులు కిందికి వేసింది. కారణం బోర్లు. కుళాయి నీళ్లు ఊరంతటికీ అందవు, ఇళ్లూ హోటళ్లూ ఫ్యాక్టరీలూ అడుగు నుంచి తోడుకున్నాయి. ఇప్పుడు నగరంలో 40 శాతం దాకా సముద్రమట్టం కంటే కింద ఉంది. 2019లో రాజధానిని బోర్నియో వైపు మారుస్తామని ప్రకటించారు.

ఇంకో మాట. ఆ గోడ కూడా అదే నేల మీద ఉంది కదా, అదీ దిగుతోంది. మళ్లీ మళ్లీ ఎత్తు పెంచుతున్నారు. నీళ్లు తోడడం ఆపకుండా గోడ కట్టడం వృథా అని అక్కడి కూలీవాళ్లకు కూడా తెలుసు.


బీచ్‌రోడ్‌సెక్రటరీ
ఆగస్టు 11, రాత్రి 8.50

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. సముద్రానికి రోడ్డు అడ్డం, అంతే. బోరు వేసినప్పుడు నీళ్లు తియ్యగా ఉండేవి. ఎనిమిదేళ్ల కిందట సబ్బు నురగ రావడం మానేసింది, తర్వాత కుళాయిలు తుప్పు పట్టాయి, ఇప్పుడు నోట్లో పోసుకోలేం. రోజూ ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. మా దగ్గర నేల కుంగిన జాడ లేదు. అయినా దీనికీ దానికీ సంబంధం ఉందా మాస్టారూ?


మట్టిపరీక్షమాస్టారు
ఆగస్టు 12, ఉదయం 6.05

ఉంది సార్. రోగం ఒకటే, నేలను బట్టి లక్షణం మారుతుంది.

మీ దగ్గర ఇసుక, దాని కింద పగుళ్ల రాయి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని ఇసుక నేలలకు ఒక పాత లెక్క. అది తిరగేసి చూడండి. పైన ఒక మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పు ఎంత ఎత్తు ఎగబాకుతుందో అర్థమవుతుంది. అందుకే మీకు ఉప్పు వచ్చింది, కుంగుబాటు రాలేదు.

బంకమట్టి ఉన్న చోట అదే పని చేస్తే నేల దిగుతుంది. అటుకుల బస్తా మీద బియ్యం బస్తా నెల్లాళ్లు పెట్టి తీయండి. అణిగిన అటుకులు మళ్లీ పొంగవు. బంకమట్టి రేకుల మధ్య ఉన్న నీరే పైబరువులో కొంత మోస్తుంది. నీరు లాగేస్తే రేకులు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. తర్వాత ఎన్ని వానలు పడ్డా బావిలో నీటిమట్టం పెరుగుతుందేమో గానీ నేల మళ్లీ లేవదు.

ట్యాంకరు నీళ్లు ఎక్కడివో కూడా ఒకసారి కనుక్కోండి. ఊరికి అవతల ఎవరి చేను పక్క బోరులోవో అయి ఉంటాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. అనుమతి తీసుకున్న బోరు రోజుకు ఎంత తోడుతోందో మీటరు పెట్టి చూసేవాళ్లు ఎందరు?


టోక్యోతెలుగు
ఆగస్టు 12, ఉదయం 9.10

మాది గాజువాక. పదకొండేళ్లుగా టోక్యోలో, కోటో వార్డులో ఉంటున్నాను. మా పరిసరాలన్నీ సముద్రపు పోటుమట్టం కంటే కింద ఉన్నవే. ఇక్కడ మినామిసునా వైపు ఒక స్తంభం ఉంది. 1918లో నేల ఎంత ఎత్తున ఉండేదో దాని మీద గుర్తు పెట్టారు. దాన్ని చూడాలంటే తలెత్తాలి. ఈ వార్డులో బాగా కుంగిన చోట నాలుగున్నర మీటర్లు దిగింది. మా అబ్బాయిని తీసుకెళ్లి చూపించాను, వాడు నమ్మలేదు.

కానీ ఇది ఆగింది. నేను రాయాలనుకున్నది అదే. 1956లో ఫ్యాక్టరీల నీటి మీద చట్టం చేశారు, 1962లో పెద్ద భవనాల నీటి మీద ఇంకోటి. ఊరికే నిషేధించలేదు, ఫ్యాక్టరీలకు నది నీళ్లు పైపుల్లో తెచ్చి ఇచ్చారు. 1970లు గడిచేసరికి కుంగడం దాదాపు నిలిచిపోయింది. తర్వాత విచిత్రంగా అడుగున నీరు మళ్లీ పెరిగి, భూమిలోపల కట్టిన ఉఎనో స్టేషన్‌ను కింద నుంచి పైకి తోయడం మొదలుపెట్టింది. అది తేలిపోకుండా యాంకర్లతో నేలకు బిగించారు!

అయితే దిగిన నేల మాత్రం అలాగే ఉండిపోయింది. మేము గోడల వెనక, పంపుల మీద ఆధారపడి బతుకుతున్నాం. మాస్టారి అటుకుల బస్తా చదివి మా ఆవిడకు వినిపించాను.


మధురవాడమిట్ట
ఆగస్టు 12, ఉదయం 10.40

సరే, పల్లం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ అన్నీ విదేశాల ఉదాహరణలే. విశాఖలో సముద్రం ఎంత పెరిగిందో కొలిచిన లెక్క ఎవరి దగ్గరైనా ఉందా?


మట్టిపరీక్షమాస్టారు
ఆగస్టు 12, రాత్రి 7.30

మంచి ప్రశ్న తమ్ముడూ. ఉంది. పోర్టులో 1930ల నుంచి పోటుపాట్లు కొలుస్తున్నారు, దేశంలో అంత పాత లెక్కలున్న రేవులు కొన్నే. గత శతాబ్దపు లెక్కలు చూస్తే విశాఖలో ఏడాదికి సుమారు 1 మి.మీ. పెరిగింది. అదే బంగాళాఖాతంలో, హుగ్లీ మీద ఉన్న డైమండ్ హార్బర్‌లో 5 మి.మీ. పైచిలుకు.

ఒకే బంగాళాఖాతం. ఆ చివర ఐదింతలు పెరిగి ఈ చివర పెరగకుండా ఉంటుందా? అక్కడి తేడాలో పెద్ద భాగం డెల్టా నేల దిగడమే అని పరిశోధకుల మాట. ఎందుకంటే కొలత కర్ర నేలలో పాతి ఉంటుంది. కర్ర దిగితే నీరు పెరిగినట్టు కనిపిస్తుంది. గెడ్డపక్క బాబు మెట్ల సంగతీ సరిగ్గా ఇదే. రోడ్డుతో పోల్చి ఇల్లు దిగిందంటున్నాం. రోడ్డు తన చోటున తాను ఉందా అని ఎవరూ అడగలేదు.

అలా అని 1 మి.మీ. చూసి నిశ్చింతగా ఉండకండి. అది పాత వేగం. 1993 తర్వాత ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏడాదికి 3.3 మి.మీ. అయింది. మన రాయి దిగకపోయినా ఆ నీరు మన గుమ్మానికి వస్తుంది.


కోనసీమకొబ్బరి
ఆగస్టు 13, ఉదయం 11.20

నేను ఉద్యోగానికి విశాఖలో ఉన్నాను, మా ఊరు మలికిపురం దగ్గర. రాతి మీద ఉన్నవాళ్ల చర్చ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చి మనసు బాధపడింది.

డెల్టా అంటే నది తెచ్చిన ఒండ్రు. అది తన బరువుకే ఏటా కొంచెం అణిగిపోతుంది. వెనకటికి వరద వచ్చి కొత్త ఒండ్రు పరిచి సరిచేసేది. ఇప్పుడు ఒండ్రు ఎగువన డ్యాముల్లోనే ఆగిపోతోంది. గోదావరికంటే కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం. అణగడం ఆగలేదు, పరవడం ఆగింది. దానికి తోడు గ్యాస్ తీసిన చోట నేల దిగిందని మా వైపు రైతులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. గ్యాస్ తీస్తే నేల దిగడం లోకంలో లేని వింతేమీ కాదు, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర అదే జరిగింది.

శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటుకు ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు మోడులైపోయాయి. మా పెదనాన్న తోటలో తలలు లేని చెట్లు వరసగా నిలబడి ఉంటాయి. నలభై ఏళ్ల చెట్లు. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి వాటి మధ్య నడిచి వస్తాడు, చేసేదేమీ లేకపోయినా.


జోడుగుళ్లపాలెం
ఆగస్టు 13, రాత్రి 10.05

మా నాన్న, తాత సముద్రంలో చేపల వేటకు వెళ్లినవాళ్లు. నేను డిగ్రీ చదువుతున్నాను. అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారనిపించి రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మా పేటల్లో నేల కుంగడం లేదు, ఇసుక పోతోంది. ఇవి రెండూ వేరు. మా నాన్న చిన్నప్పుడు పడవలు లాగి పెట్టాక కూడా ముందు వలలు ఆరేసే చోటు ఉండేదట. ఇప్పుడు పెద్ద పోటుకు పడవలను రోడ్డు దాకా తేవాలి. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. పోర్టు కోసం అడ్డంగా రాతి కట్టలు వేశారు. ఇసుక దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి ఆకలి. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌కు పోస్తుంటారు. 2014 హుద్‌హుద్ తుపానులో బీచ్ రోడ్డును సముద్రం ఎలా తిన్నదో అందరూ చూశారు.

అప్పటి నుంచి గోడ కట్టండి, రాళ్లు వేయండి అంటారు. రాళ్లు వేసిన చోట రోడ్డు నిలుస్తుంది. ఆ అల పక్కకు తిరిగి రాళ్లు లేని చోట కోస్తుంది. ఆ రాళ్లు లేని చోటు ఎప్పుడూ ఏదో ఒక జాలరిపేటే. పెద్ద హోటల్ ముందు ఇసుక పోతే పేపర్లో వస్తుంది. మాకు కావలసింది ఇసుక, గోడ కాదు. ఇసుక ఏటా మా పేటల దాకా పోయాలి.


సరంగు
ఆగస్టు 13, రాత్రి 10.40

అమ్మా, ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఆ పోర్టు నోటిని ఇసుక నుంచి కాపాడటానికి మొదట్లో రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ముంచారు. ఆ ఇసుక నడక అంత బలమైనది.


బీచ్‌రోడ్‌సెక్రటరీ
ఆగస్టు 14, ఉదయం 7.15

జోడుగుళ్లపాలెం అమ్మాయి రాసింది చదివి మా కమిటీ గ్రూపులో పెట్టాను. మా ముందు రాళ్లు వేయించమని పోయినేడాది మేమే అర్జీ పెట్టుకున్నాం. అవతల ఏమవుతుందో ఆలోచించలేదు. ఆ అర్జీ గురించి మళ్లీ మాట్లాడుకుంటాం.


గెడ్డపక్కఇల్లు
సెప్టెంబరు 7, సాయంత్రం 6.30

మాస్టారూ, మీరు అడిగినదానికి జవాబు దొరికింది. మా వీధిలో మంచినీళ్ల పైపు కోసం రోడ్డు తవ్వారు. కందకం అంచున పొరలు కేకు కోసినట్టు కనిపించాయి. టేపు పెట్టి కొలిచి ఫోటోలు తీశాను. అడుగున పాత మట్టి రోడ్డు, పైన తారు 8 సెం.మీ., మళ్లీ తారు 6, అన్నిటి పైన సిమెంటు 15. మొత్తం 29 సెం.మీ.

మెట్టు ఎత్తు 7 అంగుళాలు. రెండు మెట్లు పోయాయంటే 14 అంగుళాలు, దాదాపు 35 సెం.మీ. పైన. అందులో 29 రోడ్డే. ఇన్నాళ్లూ ఇల్లు కుంగిందని ఏడుస్తున్నాం, నిజానికి రోడ్డు మమ్మల్ని పూడ్చేస్తోంది.

మరి మిగతా 6 సెం.మీ.?


మట్టిపరీక్షమాస్టారు
సెప్టెంబరు 7, రాత్రి 8.45

ఎంత మంచి పని చేశావు బాబూ! ఆ 29 సెం.మీ. నీకు ఎవరూ పరీక్ష చేసి చెప్పేది కాదు.

మిగతా 6 సెం.మీ. నీ ఇల్లు రోడ్డు కంటే ఎక్కువగా దిగిన లెక్క. బంకమట్టి మీద 39 ఏళ్ల ఇంటికి అది ఆశ్చర్యం కాదు. రోడ్డూ ఇల్లూ కలిసి కూడా దిగి ఉండొచ్చు, అది ఈ కొలతలో దొరకదు. దానికి కదలని గుర్తు కావాలి. మీ దగ్గర్లో ఫ్లైఓవర్ ఉందా? దాని స్తంభాలు పైల్స్ మీద ఉంటాయి, గట్టి పొర దాకా దింపి ఉంటారు. స్తంభం మీద పెయింటుతో ఒక గీత పెట్టు. ఇంటి నాలుగు మూలల్లో పునాదిపై ఒక్కో స్టీలు బోల్టు బిగించు. సైట్లలో ఎత్తు తేడాలు చూడటానికి వాడే ఆటో లెవెల్ తెలిసినవాళ్ల దగ్గర దొరికితే మూడు నెలలకోసారి ఆ గీత నుంచి నాలుగు బోల్టుల ఎత్తూ చూడు. ఇంటి మూలల మధ్య తేడా చూడటానికి మేస్త్రీల ట్యూబ్ లెవెల్ (నీళ్ల గొట్టం) చాలు. పగులు మీద సన్నని గాజుముక్క అడ్డంగా సిమెంటుతో అతికి తేదీ రాయి. పగులు ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది.

ఇల్లంతా సమంగా దిగితే గోడ పగలదు. ఒక మూల ఎక్కువ దిగితేనే పగులుతుంది. వెనక గది ఎప్పుడు కట్టారు?


గెడ్డపక్కఇల్లు
సెప్టెంబరు 7, రాత్రి 9.20

1998లో. అక్కడ పాత సెప్టిక్ గుంట ఉండేది, పూడ్చి దాని మీద కట్టారు. ఇప్పుడు రాస్తుంటే నాకే అర్థమవుతోంది. మా పెదనాన్న కొడుకు సైట్ సూపర్‌వైజర్, లెవెల్ తెస్తానన్నాడు.


టోక్యోతెలుగు
సెప్టెంబరు 8, ఉదయం 5.50

ఊరు మొత్తానికి ఇదే పని ఉపగ్రహం చేస్తుంది. రాడార్‌తో ఒకే చోటును పదే పదే చూసి, నేల మి.మీ.లలో కదిలినా పట్టుకుంటుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటికి మళ్లీ వస్తుంది. ఆ లెక్కలు అందుబాటులోకి వచ్చినప్పుడు మన పోర్టు చుట్టూ పల్లాలు ఎలా ఉన్నాయో వార్డుల వారీగా ప్రజలకు చూపించమని అడగాలి. బ్యాంకాక్‌లో 1980ల మొదట్లో ఏడాదికి 10 సెం.మీ. దిగిన చోట్లుండేవి. భూగర్భజలం మీద చట్టం 1977లోనే వచ్చినా, తోడే నీటికి రుసుము గట్టిగా పెంచి, కుళాయి నీళ్లు అందించాకే తగ్గింది. కొలత ఉంటేనే ఆ రుసుము ఎవరి మీద వేయాలో తెలుస్తుంది.


మట్టిపరీక్షమాస్టారు
సెప్టెంబరు 8, ఉదయం 6.30

దానికి ముందు ఇంకోటి అడగాలి. రోడ్డు వేసే ముందు పాత పొర చెక్కాలి. గెడ్డ పక్క వీధుల్లో దీన్ని టెండరులోనే రాయాలి.

రెండోది గెడ్డలు. ఎర్రిగెడ్డ గానీ, గంగుల గెడ్డ గానీ, వాన నీళ్లు వాటి నోటి ద్వారా పోర్టులోకో సముద్రంలోకో దిగాలి. పున్నమి, అమావాస్య పోటుకు గట్టి వాన తోడైతే ఆ నోరు మూసుకుపోతుంది. నీరు వెనక్కి తంతుంది. 1.77 అడుగులంటే 54 సెం.మీ. సముద్రం అంత పెరిగాక ఇప్పటి అమావాస్య పోటు రోజువారీ పోటు అవుతుంది. అలల్లో మునగడం కాదు మన పల్లాలకు రాబోయే ముప్పు, డ్రెయిన్లలోంచి వెనక్కి వచ్చే నీరు. గెడ్డ నోళ్ల దగ్గర పోటుకు మూసుకుని పాటుకు తెరుచుకునే తలుపులు, పక్కన పంపులు, వాన నీరు కాసేపు నిలవడానికి ఖాళీ స్థలం కావాలి. ఆ ఖాళీ స్థలాలనే మనం పూడ్చి ప్లాట్లు వేస్తున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడ.


మధురవాడమిట్ట
సెప్టెంబరు 8, ఉదయం 9.00

మాస్టారూ, మా లేఅవుట్ కింద కూడా ఒక గెడ్డ ఉంది. కొండ మీద చెట్లు కొట్టి చదును చేశాక ఎర్రనీళ్లు, మట్టి అందులోకే పోతున్నాయి. ఆ మట్టి చేరేది కింద గెడ్డల్లోకే అని ఇప్పుడు తెలిసింది. మిట్ట మీద ఉన్నాం కదా, మాకేం సంబంధం అనుకున్నాను. మొదటి రోజు రాసిన పోస్టుకు గెడ్డపక్క అన్నకు క్షమాపణ.


గెడ్డపక్కఇల్లు
నవంబరు 2, రాత్రి 9.15

అయ్యో, క్షమాపణ ఎందుకు తమ్ముడూ. నీ పోస్టు వల్లే మాస్టారు నోరు విప్పారు.

మొంథా తుపాను రోజు హాల్లోకి నీళ్లు వచ్చాయి, కానీ మోకాటి దాకా కాదు, చీలమండ దాకా. గుమ్మానికి అడుగు ఎత్తున సిమెంటు కట్ట కట్టాం, కాలువ గొట్టానికి వెనక్కి నీరు రాని వాల్వు పెట్టించాం. ఆ వాల్వుకు అయిన ఖర్చు ఒక సోఫా కంటే తక్కువ. మా వీధిలో ఇంకో ముగ్గురు పెట్టిస్తున్నారు.


బీచ్‌రోడ్‌సెక్రటరీ
నవంబరు 3, ఉదయం 8.30

మా వైపు కబురు. బోరుకు మీటరు పెట్టాం. టెర్రేస్ నీరంతా ఇంకుడు గుంతలోకి మళ్లించాం. మొదటి నెలే ఒక ఫ్లాట్‌లో మిగతా వాళ్ల కంటే రెండింతలు వాడుతున్నారని తేలింది, టాయిలెట్ ట్యాంకు కారుతోంది. నీళ్లలో ఉప్పు తగ్గలేదు. తగ్గడానికి ఏళ్లు పడుతుందంటున్నారు. రాళ్ల అర్జీ వెనక్కి తీసుకున్నాం. దాని బదులు ఇసుక ఉత్తరాన పేటల దాకా పోయాలని కొత్తది రాశాం. జోడుగుళ్లపాలెం అమ్మాయీ, మీ పేట పెద్దలు కూడా సంతకం పెడితే బాగుంటుంది.


జోడుగుళ్లపాలెం
నవంబరు 3, రాత్రి 9.50

మా పేటలో చదివి వినిపించాను సార్. 60 మంది సంతకాలు పెట్టారు. మా తాత వేలిముద్ర వేశాడు.


గెడ్డపక్కఇల్లు
జనవరి 18, మధ్యాహ్నం 12.40

పండక్కి అన్నయ్య లెవెల్ తెచ్చాడు. సెప్టెంబరు చివర్లో మొదటిసారి చూశాం, ఇది రెండోది. ఫ్లైఓవర్ గీత నుంచి: ముందు రెండు మూలలు కదల్లేదు. వెనక ఎడమ మూల 1 మి.మీ., పగులు ఉన్న వెనక కుడి మూల 4 మి.మీ. దిగాయి. గాజుముక్క డిసెంబరు 9న పగిలింది. ఆ మూలన భూమిలో బాత్రూమ్ పైపు కారుతోందని తవ్వితే తెలిసింది, మార్పించాం. పైన ఇంకో గది వేద్దామన్న ఆలోచన మానుకున్నాం.

నాన్నగారు కందకం ఫోటో ప్రింటు తీయించి హాల్లో పెట్టారు. వీధి వాళ్లు వస్తే 8, 6, 15 అని వేలితో చూపించి చెబుతున్నారు. మరో ఐదు ఇళ్లకు బోల్టులు బిగించాం. కొత్త గాజుముక్క నిన్న అతికించాను. తర్వాతి కొలత ఏప్రిల్‌లో.


మట్టిపరీక్షమాస్టారు
జనవరి 18, రాత్రి 8.10

ఏప్రిల్‌లో నేనూ వస్తాను. ఆ 4 మి.మీ. మూలను నా కళ్లతో చూడాలి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు పెట్టుకుందాం. ఎండకు గాలి కదులుతుంది, లెవెల్ స్టాఫ్ (కొలత కర్ర) మీద అంకెలు వణుకుతాయి.